చిల్లుపడ్డ చిప్ప చెప్పే సంగతులు

(విశాఖపట్నంలో పిల్లలు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం. మాటలు మాట్లాడినట్టే ఉంచాం. మైకు గొడవలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తారా, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ, చాలు.

రెండు పళ్ళేల నిండా గవ్వలూ చిప్పలూ తెచ్చాను. ఒకదాంట్లోవి దుకాణంలో కొన్నవి. రెండోదాంట్లోవి మన ఇసుకలో చిల్లిగవ్వ ఖర్చు లేకుండా ఏరినవి. రెండూ వరసల్లోకి పంపిస్తున్నాను. చేత్తో పట్టుకోండి, గోటితో గీకండి, వాసన చూడండి. పిల్లలూ, ఒక పళ్ళెం తీసుకెళ్ళిపోండి అంటే ఏది పట్టుకెళ్తారు? ... అనుకున్నా! మొదటిదే. తళతళా మెరుస్తోంది కదా మరి. నేనైతే రెండోదే తీసుకుంటాను. అరిగిపోయినవీ, అంచులు విరిగినవీ, చిల్లులు పడ్డవీ ఉన్నది. ఎందుకో చెప్పి వెళ్దామనే ఇలా వచ్చాను.

గవ్వ గానీ, శంఖం గానీ, ఆల్చిప్ప గానీ, సముద్రంలో ఊరికే పుట్టిన రాయి కాదు. ఇది మీకు తెలుసు. ‘లోపల జీవి ఉంటుంది, గుల్ల దాని ఇల్లు’ అని బళ్ళో చెప్తారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. ఇల్లంటే తాళం వేసి ఊరెళ్ళి రావచ్చు. నత్త తన గుల్ల వదిలి ఎక్కడికీ పోలేదు. లోపల ఒక బలమైన కండరం దాన్ని గుల్లకి పట్టి ఉంచుతుంది. గుల్ల దాని ఒంట్లో భాగం, మన ఎముకలు మన ఒంట్లో భాగమైనట్టే, కాకపోతే అది ఒంటి బయట ఉంది. అంచేత మీకు ఖాళీ గుల్ల దొరికిందంటే అక్కడ ఒక చావు జరిగిందన్నమాట. పిల్లల ముందు ఈ మాటేంటి మాస్టారూ అని అటు పక్క నుంచి చూస్తున్నారు. పిల్లలకే ఇది బాగా ఎక్కుతుందండీ. ఎవరు చంపారు, ఎలా చంపారు, చచ్చాక ఆ గుల్ల ఎవరి చేతికి చిక్కింది, ఇదంతా దాని మీదే ఉంటుంది. చూడ్డం తెలియాలంతే.

గుల్ల ఎలా పెరుగుతుందో కొంచెం చెప్పి ముందుకు పోతాను. ఈ జంతువు మెత్తటి ఒంటి చుట్టూ మాంటిల్ అని ఒక చర్మపు పొర ఉంటుంది. అది సముద్రపు నీట్లోంచి కాల్షియం తీసుకుని, కాల్షియం కార్బొనేట్ చేసి, దాంట్లో చిటికెడు ప్రోటీన్ కలిపి అంచున పొరలు పొరలుగా వేస్తుంది. మన పాన్లో వేసుకునే గుల్ల సున్నం ఈ గుల్లల్ని కాల్చి చేసిందే. పెరుగుదలంతా అంచు దగ్గరే. కాబట్టి మెలిక తిరిగిన నత్తగుల్ల కొన దగ్గర ఉన్నది దాని పసితనం, నోటి అంచున ఉన్నది దాని నిన్నా మొన్నా. పుట్టిన దగ్గర్నుంచి వయసంతా ఒకే వస్తువు మీద మిగిలిపోతుంది.

చిప్పల మీద గీతలు చూశారా? తిండి బాగా దొరికిన కాలంలో వెడల్పుగా, దొరకని కాలంలో దగ్గరదగ్గరగా పడతాయి. చల్లటి సముద్రాల్లో అవి ఏడాదికొకటి చొప్పున చక్కగా పడతాయి, లెక్కపెట్టుకోవచ్చు. 2006లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రం అడుగు నుంచి ఒక చిప్ప జీవిని తీశారు. మొదట నాలుగు వందల చిల్లర ఏళ్ళన్నారు. 2013లో మళ్ళీ లెక్కపెట్టి 507 ఏళ్ళని తేల్చారు. అంటే అది 1499లో పుట్టింది. శ్రీకృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కేసరికి దానికి పదేళ్ళు. పాపం, పైకి తీసినవాళ్ళ చేతుల్లోనే పోయింది.

సరే, ఇప్పుడు రెండో పళ్ళెం ఎవరి దగ్గరుంది? దాంట్లో ఒక తెల్లటి చిప్ప ఉంటుంది, బొటనవేలి గోరంత. రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర గుండ్రటి చిల్లు. దొరికిందా? ఆ పాప చేతిలో ఉంది. అమ్మా, దాన్ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడు. చిల్లు బయటి వైపు వెడల్పుగా, లోపలి వైపు సన్నగా ఉందా? గోడలు ఏటవాలుగా, గరాటులా?

మన పిల్లలు ఇలాంటి చిప్పలు దొరికితే ఎగిరి గంతేస్తారు. దారం గుచ్చడానికి చిల్లు దేవుడే పెట్టి ఇచ్చాడని. ఆ చిల్లు పెట్టింది ఒక నత్త. ఇంగ్లీషులో మూన్ స్నెయిల్ అంటారు. గుండ్రంగా, నున్నగా, చూడ్డానికి బుద్ధిమంతురాల్లా ఉంటుంది. ఇసుకలోపలే తిరుగుతూ వేటాడుతుంది. చిప్ప జీవి దొరికితే, తన గుల్లకన్నా పెద్దగా సాగే పాదంతో దాన్ని చుట్టేసుకుంటుంది. తరవాత పని మొదలు. నోటి దగ్గర ఒక గ్రంథి ఉంటుంది. అది ఆమ్లం ఊరించి చిప్ప మీద ఒకచోట అద్దుతుంది. అక్కడ సున్నం మెత్తబడుతుంది. అప్పుడు తన నాలుకతో, ఆ నాలుక నిండా వరసలు వరసలుగా పళ్ళే, గీకుతుంది. మళ్ళీ ఆమ్లం, మళ్ళీ గీకుడు. గంటలు గంటలు. చిప్ప మందమైతే రోజు దాటుతుంది. లోపలున్న జీవి రెండు తలుపులూ బిగించుకుని కూచుంటుంది. గోడకి కన్నం పడుతున్నప్పుడు తలుపులు ఎంత బిగిస్తే ఏం లాభం? చిల్లు పూర్తయ్యాక నత్త సన్నటి గొట్టంలాంటి నోటిని లోపలికి పంపి తినేస్తుంది.

చిల్లు గోడలు ఏటవాలుగా కాక నిటారుగా ఉంటే దొంగ వేరు. అది ఎక్కువగా మ్యూరెక్స్ జాతి నత్తల పని. ముళ్ళు ముళ్ళుగా ఉంటాయి, మన ఫిషింగ్ హార్బరులో ట్రాలర్ల వలల్లో చేపలతోపాటు వచ్చి పడుతుంటాయి. ఒక్కోసారి చిల్లు సగంలో ఆగిపోయి ఉంటుంది. గుంట ఉంటుంది గానీ అవతలికి పడదు. అంటే మధ్యలో ఏదో అడ్డం వచ్చింది, చిప్ప జీవి ఆ పూటకి బతికిపోయింది. పళ్ళెంలో అలాంటిది కూడా ఉంది, మీరే వెతకండి, నేను చూపించను. లక్షల ఏళ్ళ నాటి శిలాజ చిప్పల మీద కూడా సరిగ్గా ఇవే చిల్లులు కనపడతాయి. ఎవరు ఎవర్ని తిన్నారని శాస్త్రజ్ఞులు అప్పటి చిట్టా తీసేది వీటితోనే.

ఇసుక మీద చొక్కా కాలరులాంటి వంపు తిరిగిన బూడిదరంగు ముక్క దొరికితే ప్లాస్టిక్ అనుకుని చెత్తబుట్టలో వేయకండి. అది మూన్ స్నెయిల్ గుడ్ల చుట్ట. ఇసుక రేణువులూ జిగురూ కలిపి మధ్యలో గుడ్లు పెడుతుంది.

ఇక విరిగిన అంచులు. అది ఎక్కువగా పీతల పని. పీత డెక్కతో నత్తగుల్ల నోటి అంచు పట్టుకుని చిన్నచిన్న పెంకులుగా విరుచుకుంటూ పోతుంది. కొన్ని నత్తలు లోపలికి ముడుచుకుపోయి తప్పించుకుంటాయి. తప్పించుకున్న నత్త విరిగిన చోటునుంచే మళ్ళీ పొరలు వేసుకుంటుంది. ఆ అతుకు పోదు. గుల్ల మీద అడ్డదిడ్డంగా ఒక గీత, దాని తరవాత మళ్ళీ నున్నటి పెరుగుదల కనపడితే, ఆ నత్త ఒకసారి చావు తప్పి బతికిందన్నమాట.

ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా చెప్పినాయన గురించి చెప్పాలి. గీరట్ వెర్మేయ్. 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. కంటిజబ్బుతో మూడేళ్ళకే రెండు కళ్ళూ తీసేయాల్సి వచ్చింది. పూర్తి అంధుడు. తొమ్మిదో ఏట కుటుంబం అమెరికా వచ్చింది. అక్కడ బళ్ళో టీచరు ఫ్లోరిడా వెళ్ళి కొన్ని గవ్వలు తెచ్చి కిటికీ దగ్గర పెట్టారట. పిల్లాడు తడిమి చూశాడు. అంతకుముందు తను ఎరిగిన చల్లటి సముద్రాల చిప్పలు సుద్దలా గరుకుగా ఉండేవి. ఇవి నున్నగా, మెలికలతో, పళ్ళతో, చెక్కినట్టున్నాయి. వేడి సముద్రాల గుల్లలు ఎందుకిలా ఉంటాయి? ఆ పిల్లాడు పెద్దయ్యాక ఆ ప్రశ్నతోనే జీవశాస్త్రంలో మహా పండితుడయ్యాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: వేడి సముద్రాల్లో పీతల డెక్కలు బలమైనవి, అందుకే అక్కడ నత్తల గుల్లలు మందం, నోళ్ళు ఇరుకు, అంచుకి పళ్ళు. వేటగాడి బలం పెరిగేకొద్దీ వేటకి చిక్కే జీవి కవచం పెరుగుతూ వచ్చింది, కోట్ల ఏళ్ళపాటు. కళ్ళున్నవాళ్ళం మనకి గుల్లలో అందం కనపడింది. ఆయన వేళ్ళకి యుద్ధం తగిలింది. ఇందాక గోటితో గీకండి, తడిమి చూడండి అన్నది అందుకే.

ఇప్పుడు మొదటి పళ్ళెం దగ్గరకొద్దాం. దాంట్లో అద్దంలా మెరిసే గవ్వలున్నాయి కదా. అసలు గవ్వ అంత నునుపెందుకు? చాలా నత్తలకి మాంటిల్ గుల్ల లోపలే ఉంటుంది. గవ్వ పురుగు మాత్రం మాంటిల్‌ని రెండు పక్కల నుంచీ బయటికి చాపి గుల్ల మొత్తాన్ని కప్పేస్తుంది. బతికున్నంతకాలం పైన కూడా కొత్త పొర వేస్తూనే ఉంటుంది. గీత పడనివ్వదు, నాచు పట్టనివ్వదు. బతికున్న గవ్వని నీళ్ళల్లో చూస్తే మీకు గవ్వే కనపడదు, మెత్తటి ముద్ద కనపడుతుంది. మాల్దీవుల్లో పట్టి, ఓడలకెత్తి బెంగాల్ తెచ్చి నాణేలుగా వాడినవీ, మన అమ్మమ్మలు పచ్చీసు ఆడినవీ ఈ జాతి గవ్వలే.

జీవి చచ్చి, గుల్ల అలల్లో దొర్లి, ఇసుక రాసుకుని, ఎండలో పడి ఉందనుకోండి. ఆ మెరుపు ఎన్నాళ్ళుంటుంది? మాసిపోతుంది. మరి దుకాణంలో గవ్వ కొత్తగా ఎలా ఉంది? బతికుండగా పట్టారు కాబట్టి. మన బీచ్ దుకాణాల్లో చాలావరకు సరుకు ఈ ఇసుకది కాదు. రామేశ్వరం, కన్యాకుమారి వైపు నుంచి వస్తుంది. లోపలి మాంసం తీసేసి, పైపొర పోవడానికి యాసిడ్‌లో ముంచి, నూనె రాసి పంపుతారు. దుకాణం నడుపుకునే వాళ్ళ మీద నాకు కోపమేం లేదు, వాళ్ళ బతుకుతెరువు వాళ్ళది. సముద్రంలో దొరికింది కొన్నాం అనుకునే మన అమాయకత్వం మీదే కొంచెం ఉంది.

చట్టం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో కొన్ని గుల్లల జాతుల్ని చేర్చారు. కొమ్ముల హెల్మెట్ శంఖం, ట్రైటన్ శంఖం, నాటిలస్, పెద్ద క్లామ్‌లు అనే రెండు చిప్పల జీవులు, ఇలాంటివి. అమ్మినా, కొన్నా నేరమే. ఆ జాబితాలో మన కాకినాడ వాళ్ళకి బాగా తెలిసినది కూడా ఒకటుంది. పల్చగా, గుండ్రంగా, వెలుతురు అవతలికి కనిపించే ఆల్చిప్ప. గోవాలో పాత ఇళ్ళ కిటికీలకి గాజు పలకల బదులు ఈ చిప్పలే బిగించేవారు. హోప్ ఐలాండ్ చాటున ఉన్న కాకినాడ అఖాతం బురదలో ఇది పెరుగుతుంది. అదే బురదలో ఇంకో వింత జీవి ఉంది, బ్లడ్ క్లామ్. దాని రక్తం మన రక్తంలాగే ఎర్రగా ఉంటుంది, హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి. నత్తల్లో చాలావాటి రక్తంలో ఇనుము బదులు రాగి ఉంటుంది, గాలి తగిలితే నీలంగా మారుతుంది.

బతికున్నవి చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. అల వచ్చి వెనక్కి పోయేచోట కాళ్ళు తడుపుకుంటూ నిలబడి, కిందికి చూడండి. నీరు జారిపోగానే ఇసుకలోంచి చిన్నచిన్న ముక్కోణపు చిప్పలు బయటపడి, ఒక్క క్షణం తెల్లమొహం వేసి, గబగబా పాదం దింపి మళ్ళీ ఇసుకలోకి దిగిపోతాయి. డోనాక్స్ అంటారు. పోటుతోపాటు పైకి, ఆటుతోపాటు కిందికి, అలల మీద ఎక్కి ప్రయాణం చేస్తాయి. ఫోన్ జేబులో పెట్టుకుంటే కనపడతాయి. లేకపోతే కనపడవు.

రాళ్ళ మీదైతే టోపీలాంటి గుల్ల ఉన్న నత్తలు, లింపెట్లు. ముట్టుకోగానే రాయికి బిగుసుకుపోతాయి. వాటి పళ్ళు ఎంత గట్టివంటే, బ్రిటన్ శాస్త్రజ్ఞులు 2015లో కొలిచి, అప్పటివరకూ పరీక్షించిన జీవ పదార్థాలన్నిట్లోకీ గట్టివని చెప్పారు. ఆ పళ్ళతో చేసే ఘనకార్యం రాయి మీద నాచు గోక్కుని తినడం.

రంగురంగుల గీతలతో, త్రికోణం తిరగేసినట్టుండే శంఖాలు, కోన్ స్నెయిల్స్, బతికినవి దొరికితే మాత్రం చెయ్యి పెట్టకండి. ఇది ఆషామాషీ మాట కాదు. విషం నింపిన సూదిలాంటి పంటితో పొడుస్తాయి. మనుషులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి, విరుగుడు మందు లేదు. అదే విషంలోంచి తీసిన నమూనాతో చేసిన నొప్పి మందుకి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. వెన్నులోకి ఇస్తారు. అది వేరే కథ, ఇంకోసారి.

చచ్చినవాటి గుల్ల ఎవరికి చిక్కుతుంది అన్నాను కదా. సన్యాసి పీతకి. దాని వెనక భాగం మెత్తగా, వంకర తిరిగి ఉంటుంది. నత్తగుల్లలో దూర్చుకుంటేనే బతుకు. ఒంట్లో పెరుగుదల ఆగదు, గుల్ల పెరగదు, కాబట్టి ఎప్పుడూ ఇంకొంచెం పెద్ద గుల్ల కోసం చూస్తూ ఉంటుంది. పెద్ద గుల్ల ఒకటి ఖాళీగా దొరికితే పీతలు దాని చుట్టూ చేరి, పొడుగు ప్రకారం వరసలో నిలబడతాయి. పెద్దది ఆ గుల్లలోకి మారగానే దాని పాతది తరవాతదానికి, దానిది ఆ తరవాతదానికి. క్షణాల్లో వరసంతా మారిపోతుంది. చివరన మిగిలే అన్నిట్లోకీ చిన్న గుల్ల ఎవరికీ అక్కర్లేదు.

పసిఫిక్‌లో మనుషులు లేని హెండర్సన్ దీవిలోనూ, హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లోనూ ఇవి ప్లాస్టిక్ సీసాల్లో దూరి బయటికి రాలేక చచ్చిపోతున్నాయి. రెండుచోట్లా కలిపి దాదాపు 5,70,000 అని లెక్కగట్టారు. ఇందులో ఒక ఘోరం ఉంది. పీత చస్తే వచ్చే వాసన మిగతా పీతలకి ‘ఇక్కడో గుల్ల ఖాళీ అయింది’ అనే కబురు. ఆ కబురు అందుకుని ఇంకోటి అదే సీసాలోకి వస్తుంది. తరవాత ఇంకోటి.

మరి పిల్లలు గవ్వలు ఏరొచ్చా మాస్టారూ అంటారా. ఏరొచ్చు. గుప్పెడు. లోపల ఎవరూ లేరని చూసుకుని. స్పెయిన్‌లో ఒక బీచ్‌లో 1978 నుంచి 1981 దాకా చిప్పలు లెక్కపెట్టారు. మళ్ళీ 2008 నుంచి 2010 దాకా అదే బీచ్‌లో, అదే పద్ధతిలో లెక్కపెట్టారు. ఈలోగా యాత్రికులు దాదాపు మూడింతలయ్యారు, చిప్పలు మూడోవంతు దగ్గరికి పడిపోయాయి. అక్కడ ఇసుక చదును చేసే యంత్రాలు కూడా ఉన్నాయి, పాపమంతా పిల్లల జేబులది కాదు. నా మటుకు నాకు, చిల్లున్న చిప్ప ఒకటి తెచ్చుకుని పది రోజులు దాన్నే చూసే పిల్లవాడు సంచి నింపుకొచ్చే పిల్లవాడికన్నా ముద్దొస్తాడు.

ఇంటికి తెచ్చినవాటిని మంచినీళ్ళల్లో నానబెట్టి బ్రష్‌తో రుద్దితే చాలు. వెనిగర్ వద్దు, సున్నం కరిగిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ... అమ్మా, మీరు. దక్షిణావర్త శంఖం గురించా? ‘ఇంట్లో పూజకి కొందామనుకుంటున్నాం, వేలల్లో చెప్తున్నారు, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది’ అని అడుగుతున్నారు. బాగా అడిగారు.

మన శంఖం ఒక నత్త జాతి, ఎక్కువగా తూత్తుకుడి వైపు మన్నార్ సింధుశాఖలో దొరుకుతుంది. మొన పైకి పెట్టి నోరు మనవైపు తిప్పితే, మామూలు శంఖానికి నోరు కుడి పక్కన ఉంటుంది. ఎప్పుడో ఒకటి ఎడమ పక్కన నోటితో పుడుతుంది. మన పద్ధతిలో మొన కిందికి పెట్టి చూస్తాం కాబట్టి అదే కుడివైపు కనపడుతుంది, దక్షిణావర్తం. చాలా చాలా అరుదు. మరి బజార్లో ఇన్ని ఎక్కడివి? అమెరికా వైపు సముద్రాల్లో ఒక వేరే జాతి నత్త ఉంది, లైట్నింగ్ వెల్క్. దానికి పుట్టుకతోనే, దాదాపు అన్నిటికీ, నోరు ఎడమ పక్కనే. అక్కడ చవక. దాన్ని తెచ్చి ఇక్కడ అమ్మేవాళ్ళున్నారు.

తేడా మీరే పట్టచ్చు. నోట్లోకి వేలు పెట్టి, లోపలి స్తంభం మీద తడమండి. మన శంఖమైతే అక్కడ మూడు నాలుగు అడ్డగట్లు స్పష్టంగా వేలికి తగులుతాయి. నున్నగా ఉంటే అది శంఖమే కాదు. ఇంత పరీక్షా అని దుకాణం అతను విసుక్కుంటే, పరీక్ష అయ్యేదాకా డబ్బు తీయకండి.